బృందం అంటే ఎవరు?

మహబూబాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో టీవీ ముందు కూర్చుని అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది: ‘గింతమంది ఆడపిల్లలు గంత రాత్రి ఇండ్లకు ఎట్ల పోయిన్రే?’

టీవీలో నడుస్తున్నది టేలర్ స్విఫ్ట్ ‘ది ఎరాస్ టూర్’ సినిమా. 2023 ఆగస్టులో లాస్ ఏంజిలిస్ దగ్గరి సోఫై స్టేడియంలో ఆమె ఇచ్చిన కచేరీలను చిత్రీకరించి, అక్టోబరు 13న థియేటర్లలో విడుదల చేశారు. మన దేశానికి నవంబరు మొదటివారంలో వచ్చింది. చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోంది. హైదరాబాద్ పోయి చూస్తానని నెల ముందు నుంచే డబ్బులు దాచుకుంది. మా మరిది ‘వద్దు’ అనలేదు. చదువుకున్నవాడు, వద్దు అనడు. ‘రాత్రి ఆట చూసి ఏ రైలుకు వస్తవు బిడ్డా?’ అని మాత్రం అడిగాడు. అదే యేడు క్రికెట్ మ్యాచ్‌కి ఉప్పల్ స్టేడియానికి పోయిన దాని తమ్ముణ్ణి తిరుగు రైలు గురించి ఎవరూ అడగలేదు. పిల్ల పోలేదు.

2024 మార్చి 15న ఆ సినిమా డిస్నీ ప్లస్ ద్వారా ఇండ్లలోకి వచ్చింది. ‘చూసినవా, ఇంట్లనే సుఖంగ చూడొచ్చు’ అన్నాడు మా మరిది, తానే తెచ్చి ఇచ్చినట్టు. థియేటర్లో దాదాపు రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాల సినిమా అది. ఇంట్లోకి వచ్చిన దానిలో ఇంకొన్ని పాటలు కలిపారు. మేం దాన్ని మూడు దఫాలుగా చూశాం. ఒకసారి కుక్కర్ విజిల్ కోసం ఆపాం, ఒకసారి నీళ్లొచ్చాయని, ఇంకోసారి మరిదికి అన్నం పెట్టడానికి. దీన్ని హోమ్ వీడియో అంటారు. ఆ ‘హోమ్’లో విశ్రాంతిగా కూర్చునే హక్కు ఎవరిదో ఆ పేరు పెట్టినవాళ్లు ఆలోచించి ఉండరు. అయినా చిన్నచూపు చూడలేను. రాత్రిపూట గడప దాటలేని ఆడవాళ్లకు పాట, ఆట, ఆ డెబ్భైవేల గొంతుల హోరు మొదట చేరేది ఇట్లా ఆపి ఆపి చూసే తెర మీదుగానే. మా తరానికి అది క్యాసెట్, తర్వాత వీసీడీ.

క్యాసెట్ అనగానే నేను చెప్పదలచుకున్న అసలు విషయంలోకి వచ్చేశాను.

తెరమీద ఆమె పాడుతుంటే మేనకోడలు నాకూ అమ్మకూ కథ చెబుతోంది. ఆమె మొదటి ఆరు ఆల్బమ్‌ల అసలు రికార్డింగులు కంపెనీవే తప్ప ఆమెవి కావట. 2019లో ఆ కంపెనీని ఆమెకు గిట్టని ఒక మనిషి కొన్నాడు. మరుసటి యేడే ఆ రికార్డింగులను ఇంకొకరికి అమ్మేశాడు. తన గొంతు తన ప్రమేయం లేకుండా చేతులు మారుతుంటే ఆమె 2021 నుంచి ఆ ఆల్బమ్‌లనే ఒక్కొక్కటిగా మళ్లీ పాడి, ‘టేలర్స్ వెర్షన్’ అని పేరు పెట్టి విడుదల చేసింది. (ఇది మేం సినిమా చూసిన రోజుకున్న కథ. 2025 మే నెలలో ఆ పాత రికార్డింగులనూ, వాటితోపాటు వీడియోలనూ, పాత కచేరీ సినిమాలనూ ఆమె కొనేసుకుంది.)

అమ్మ అంతా విని, ‘నా క్యాసెట్ల లెక్క’ అంది.

మేనకోడలు నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

1980ల నడుమ సంగతి. మాది జనగామ దగ్గర పల్లె. అప్పటికది వరంగల్ జిల్లా. ఊరి చెరువు కింద నాట్లు పడుతుంటే పట్నం నుంచి ఒకాయన టేప్ రికార్డర్ పట్టుకుని వచ్చాడు. ప్రజల పాటలు సేకరిస్తున్నానన్నాడు. గట్టుమీద కూర్చుని ఆడవాళ్లతో నాట్ల పాటలూ, సాయంత్రం వాడకట్టులో బతుకమ్మ పాటలూ పాడించుకున్నాడు. ఎత్తుకున్నది అమ్మ, అందుకున్నది మిగతావాళ్లు. తలా ఐదు రూపాయలిచ్చాడు. కొన్నాళ్లకు ఆ పాటలు జనగామ బస్టాండు దగ్గర క్యాసెట్‌గా అమ్మకానికి వచ్చాయి. అట్టమీద ఆయన ఫోటో, ఆయన పేరు, దానికింద చిన్న అక్షరాల్లో ‘మరియు బృందం’.

మా అమ్మే ఆ బృందం.

నాయినకు ఈ సంగతి కల్లు దుకాణంలో తెలిసింది. అక్కడ క్యాసెట్ మోగుతుంటే ఎవరో ‘నీ పెండ్లాం గొంతే కదా’ అన్నారట. ఇంటికొచ్చి, ‘నా పరువు తీసినవు’ అని, అమ్మ కొనుక్కొచ్చిన క్యాసెట్‌ను రాయితో కొట్టి రీలంతా గుంజేశాడు. ఆ రీలును జొన్నచేన్లో కట్టెలకు కట్టారు, పిట్టలు బెదరడానికి. గాలికి అది జుయ్యిమని మోగేది. పదేళ్ల పిల్లని, నాకది బాగుండేది. అమ్మ పాడినట్టే ఉందని అమ్మతోనే అన్నాను కూడా. ఆమె ఏమందో గుర్తు లేదు.

ఒక గొంతుకి ఇద్దరు యజమానులు తేలారు. ఒకాయన అమ్ముకున్నాడు, ఇంకొకాయన తెంపేశాడు. ఇద్దరిలో ఎవరూ ఆమెను అడగలేదు. ఇంతవరకు మనకు తెలిసిన కథే, ఇట్లాంటివి ఈ పేజీల్లో చాలా రాసుకున్నాం. నన్ను తిప్పలు పెడుతున్నది దీని తర్వాతి ప్రశ్న. ఆ గొంతు ‘ఆమెది’ అన్నప్పుడు మనం నిజంగా ఏమంటున్నాం?

ఎందుకంటే ఆ పాటలు అమ్మ కట్టినవి కావు. అమ్మమ్మ పాడగా నేర్చుకుంది, అమ్మమ్మ ఇంకెవరి దగ్గరో. నాటు వేస్తూ నోటికొచ్చిన చరణం ఒకటి కలిపి ఉంటుంది, పక్కామె ఇంకొకటి. అందరిదీ అయిన దాన్ని ఒక పేరు కింద రాసిమ్మంటే పాటకు కంచె వేసినట్టు కాదా? మా కాలేజీ రోజుల్లో సాంస్కృతిక సంఘాల్లో ఈ మాట గట్టిగా వినిపించేది. పాట ప్రజలది, పేరు కోరుకోవడం వ్యక్తివాదం అనేవారు. నేనూ నమ్మాను. ప్రజలదైన పాట మీద పేరు ఎప్పుడూ ఒక మగమనిషిదే ఎందుకుంటుందో ఆ రోజుల్లో అడగలేదు. అడగకపోవడమే కాదు, నా ఎం.ఫిల్ సిద్ధాంత వ్యాసంలో అమ్మ పాటలు రెండు వాడుకుని ‘మౌఖికం, జనగామ ప్రాంతం’ అని రాసుకున్నాను. డిగ్రీ నా పేరుమీద వచ్చింది. ఆ క్యాసెట్ ఆయనను తిట్టే ముందు ఇది ఒప్పుకోవాలి.

జనగామ ప్రాంతానికి ఈ విషయంలో మంచి ఉదాహరణ కూడా ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. పాలకుర్తి ఐలమ్మ 1985 సెప్టెంబరులోనే పోయింది. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు కాని, ఆమె పేరు, ఆమె మాట ఉన్నాయి. మా పొలం గట్టుమీదికి వచ్చినదీ ఆ పుస్తకం వెనక ఉన్నదీ అదే టేప్ రికార్డర్, అదే దశాబ్దం, ఇంచుమించు అదే ప్రాంతం. ఒకచోట మాట్లాడిన మనిషికి పేరు మిగిలింది, ఇంకొకచోట పాడిన మనిషి బృందమైపోయింది. తేడా యంత్రంలో లేదు.

‘గయితే ఆ పాట నీదే అంటవా అమ్మమ్మా?’ అని మేనకోడలు అడిగింది.

‘పాట నాదెట్లయితది? మా అమ్మది, వాళ్లమ్మది. గొంతు నాది’ అంది అమ్మ.

పాట ఒకటి, పాడటం ఒకటి. పాట అందరిదీ కావొచ్చు. ఆ పొద్దు, ఆ బురదలో, నడుము వంచి, ఆ ఊపిరితో పాడింది మాత్రం ఒక మనిషి. దానికి కంచె అక్కర్లేదు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో ఆమె అదే పాట ఎత్తుకుంటే అమ్మ సంతోషిస్తుంది. అమ్మ అడుగుతున్నది తన గొంతును ఇంకొకరి పేరు మీద అమ్మొద్దని. పాటను ఉమ్మడిగా ఉంచుతూనే పాడటాన్ని పాడినామెకు ఇవ్వొచ్చునని నాకు ఇంతకాలం తోచలేదు.

మన చట్టానికీ ఇది ఆలస్యంగానే తోచింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో పాడేవాళ్లకు, ఆడేవాళ్లకు ప్రదర్శకులుగా ఏ హక్కూ లేదు. 1994 సవరణతో మొదలైంది. 2012 సవరణతో, ఫలానా ప్రదర్శన నాదని చెప్పుకునే నైతిక హక్కు, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ హక్కు వచ్చాయి. అదే 2012 సవరణలో ఒక మెలిక ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన ఏదో సందర్భవశాత్తు వచ్చిపోయేదో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌తో సహా ఎక్కడా ఎవరి పేరు వేయరో, వాళ్లు ప్రదర్శకుల లెక్కలోకి రారు. ఆనవాయితీగా పేరు వేయనివాళ్లకు, పేరు వేయడం ఆనవాయితీ కాదు గనక, పేరు అడిగే హక్కు లేదన్నమాట! వాళ్లకు మిగిల్చిన హక్కు ఒక్కటే, తమ ప్రదర్శనను వికృతం చేసి పరువు తీస్తే అడ్డుకునే హక్కు. ఇది చదివి నాకు నాయిన గుర్తొచ్చాడు. ఆయన కాపాడుకున్నది తన పరువు. చట్టం కనీసం ఆ పరువు ఆమెది అంది.

కోట్లకు కోట్లు సంపాదించిన అమెరికా గాయనినీ, ఐదు రూపాయల కూలి తీసుకున్న అమ్మనూ ఒక గాటన కట్టడం న్యాయమేనా? కాదు. టేలర్ స్విఫ్ట్ తన పాటలు తానే రాసుకుంటుంది, అందుకే మళ్లీ పాడగలిగింది. మళ్లీ పాడితే కొనడానికి ప్రపంచం ఉంది. పెద్ద స్టూడియోలతో పనిలేకుండా నేరుగా థియేటర్ల గొలుసుతోనే ఒప్పందం చేసుకుని ఈ సినిమాను విడుదల చేయగలిగింది. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు వరకు 149 ప్రదర్శనలు నడిచిన ఆ యాత్రలో ఆమె వెనక కూడా ఒక బృందం ఉంది. నర్తకులు, వాద్యగాళ్లు, వేదిక సామాను మోసిన లారీ డ్రైవర్లు. డ్రైవర్లకు తలా లక్ష డాలర్ల బోనస్ ఇచ్చిందని 2023లో వార్తలు వచ్చాయి. ఎంత మంచి మనసు అని నేనూ అనుకున్నాను.

భూపాలపల్లిలో మా తమ్ముడితో ఈ మాట అంటే వాడు ఒప్పుకోలేదు. వాడు సింగరేణి కేటీకే గనిలో పనిచేస్తాడు. ‘అక్కా, బోనస్ వేరు, లాభాల్ల వాటా వేరు. బోనస్ ఇస్తే తీసుకుంటం. వాటా అడిగి తీసుకుంటం’ అన్నాడు. సింగరేణి కార్మికులకు కంపెనీ లాభాల్లో వాటా ఉంది. 2023–24 సంవత్సరానికి అది 33 శాతం. అదే దసరాకి కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారిగా తలా ఐదువేలు ఇచ్చారు. పక్కపక్కన నిలబడి అదే బొగ్గు తీస్తారు, ఒకరికి శాతం, ఒకరికి ఐదువేలు. ‘కాంట్రాక్టోళ్లే గద అక్కా మా దగ్గర బృందం’ అన్నాడు వాడు. నేను నెలరోజులుగా వ్యాసం కోసం వెతుక్కుంటున్న మాట!

మరదలు ఇంకోవైపు నుంచి మాట్లాడింది. వాళ్ల కాలనీలో బతుకమ్మ ఆడుతుంటే ఎవరో ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అందులో మరదలు ఉంది, పక్కింటి పెళ్లికాని పిల్ల ఉంది. కింద రాసిన రాతలు చదివి ఆ పిల్ల మరుసటి యేడు ఆటకు రాలేదు. ‘పేరు వెయ్యలేదని మీ అమ్మ బాధ. మా పేర్లు కూడ వేస్తరేమోనని మా బాధ’ అంది మరదలు. నేను తడబడ్డాను. పేరు వేయడమే న్యాయం అని తేల్చుకుని వచ్చాను మరి. ‘ఎరాస్ టూర్’లో కూడా కెమెరా మాటిమాటికీ ప్రేక్షకుల్లోని అమ్మాయిల మీదికి పోతుంది, ఏడుస్తున్న ముఖాల దగ్గర ఆగుతుంది. ఇట్లాంటి కచేరీల టికెట్ షరతుల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది, లోపలికి వస్తే చిత్రీకరణకు ఒప్పుకున్నట్టే అని. బతుకమ్మకు ఆ వాక్యం కూడా లేదు, వాకిట్లోకి రావడమే ఒప్పుకోలు. పేరు కావాలన్న అమ్మా, పేరు వద్దన్న మరదలూ కోరుతున్నది ఒకటేనని ఇప్పుడనిపిస్తోంది, ముందు తమను అడగాలని. కానీ ఎన్నిసార్లు అడగాలి? ఆ పూట సరే అన్న మనిషి పదేళ్ల తర్వాత వద్దంటే? పొలం గట్టుమీద అమ్మ సరేనంది కదా, ఆ ‘సరే’లో బస్టాండు దుకాణం ఉందా, కల్లు దుకాణం ఉందా? వేదిక మీది పాట ఆ రాత్రితో అయిపోతుంది. రికార్డు అయిన పాట, పాడిన మనిషి ఊహించని ఇంట్లో, ఊహించని చేతుల్లో మళ్లీ మళ్లీ మోగుతూనే ఉంటుంది. ఇంత పొడుగు కాలానికి సరిపోయే సమ్మతిని ఒక్క మాటలో ఎట్లా తీసుకుంటామో నాకు తెలియడం లేదు. టేలర్ స్విఫ్ట్ లాంటి మనిషికి లాయర్లు ఉండి కూడా పదిహేనేళ్ల వయసులో పెట్టిన సంతకాన్ని సరిచేసుకోవడానికి 2025 దాకా పట్టింది.

సినిమా అయిపోయిన రాత్రి మేనకోడలు ఫోన్ తీసి, ‘అమ్మమ్మా, నువ్వు పాడు, నేను తీస్త, నీ వెర్షన్’ అంది. అమ్మకు డెబ్భై దాటాయి, గొంతు జీరపోయింది. అయినా గొంతు సవరించుకుని రెండు నాట్ల పాటలు పాడింది. పైపాట అందుకునేవాళ్లు లేక నడుమ నడుమ ఆగింది. చెల్లెలూ నేనూ అందుకోబోయి తప్పులు పోయాం.

‘పేరు ఏం పెట్టాలె?’ అని పిల్ల అడిగితే, తన పేరు ఒక్కటి పెట్టొద్దంది అమ్మ. ఆ రోజు గట్టుమీద తనతో అందుకున్నవాళ్లు ఏడుగురు, ఆ పేర్లన్నీ రాయమంది. వేళ్లు ముడుస్తూ ఆరు పేర్లు చెప్పింది. వాళ్లలో నలుగురు ఇప్పుడు లేరు. ఏడో ఆమె పొరుగూరి నుంచి కూలికి వచ్చేది, మొగుడు పట్నం పోతే తానూ పోయింది. ముక్కుపుల్ల గుర్తుంది, గొంతు గుర్తుంది, పేరు రావడం లేదు.

‘గది దొర్కెదాంక పెట్టకు’ అంది అమ్మ.

వీడియో ఇప్పటికీ మేనకోడలి ఫోన్‌లోనే ఉంది. జనగామ పోయినప్పుడల్లా అమ్మ ఎవరో ఒకరిని అడుగుతూనే ఉంది.