అండానికి గ్రేడు, ఆడదానికి పేరు

మా ఇళ్ళలో పిల్లలు పుట్టని ఆడదాన్ని బాంఝ్ అంటారు. పక్కింట్లో గొడ్రాలు అంటారు. ఉర్దూ, తెలుగు రెండూ నాలుక మీద ఉన్న మాకు ఆ రెండు మాటల బరువూ తెలుసు. బిడ్డ లేని మగవాణ్ణి పిలవాల్సి వస్తే మాత్రం రెండు భాషలూ నీళ్ళు నములుతాయి.

ఇప్పుడు మూడో మాట వచ్చింది. ఎగ్ క్వాలిటీ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి బిడ్డ కోసం బెంగళూరుకో వేలూరుకో తిరుపతికో బస్సెక్కే దంపతులు తిరిగొచ్చేటప్పుడు ఫైలుతో పాటు ఈ మాటనూ మోసుకొస్తున్నారు. డాక్టరు అండం గురించి అన్నమాట ఇల్లు చేరేసరికి కోడలి గురించిన మాటవుతుంది. "దానికి క్వాలిటీ లేదంట" అంటే చాలు, వీధంతటికీ అర్థమైపోతుంది. మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటాను కూడా ఇట్లాగే గ్రేడు చేస్తారు. అయితే టమాటాకు సిగ్గుండదు, మనిషికి ఉంటుంది.

మేము అడగదలచింది ఒక్కటే. అండం నాణ్యతను జన్యువుల్లో చదవగలిగిన రోజున ఆ చదువు ఎవరి మీద తీర్పు? అండం మీదనా, ఆడదాని మీదనా, ఆమె పుట్టిన కౌము మీదనా?

ముందు సైన్సు ఏమంటుందో విందాం. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. పెద్దమనిషి అయ్యేసరికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి సుమారు 400. అండం పక్వమయ్యేటప్పుడు తన క్రోమోజోముల్లో 23 ఉంచుకొని, మిగిలినవాటిని పోలార్ బాడీ అనే చిన్న కణంలో పెట్టి బయటికి నెడుతుంది. 35 దాటాక ఈ పంపకంలో తప్పులు పెరుగుతాయి. చాలా గర్భాలు నిలవకపోవడానికి కారణం ఇదే. ఏఎంహెచ్ అనే రక్త పరీక్ష అండాల నిల్వ ఎంతో అంచనా కడుతుంది తప్ప వాటి నాణ్యతను చెప్పదు.

నాణ్యతను కనిపెట్టడానికి శాస్త్రవేత్తలు రకరకాల దారులు వెతికారు. అండం చుట్టూ అంటిపెట్టుకొని ఉండే క్యుములస్ కణాల్లో ఏ జన్యువులు ఎంత చురుగ్గా ఉన్నాయో చూశారు. పోలార్ బాడీని పరీక్షించారు. 36 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసున్న 396 మంది స్త్రీలతో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. పరీక్ష చేసిన గుంపులోనూ చేయని గుంపులోనూ బిడ్డను కన్నవారు నూటికి 24 మందే. పరీక్ష వల్ల గర్భస్రావాలు తగ్గాయి, పిండాన్ని గర్భంలో పెట్టాల్సిన సార్లు తగ్గాయి. అది చిన్న మేలు కాదు. కానీ చెడ్డ అండాన్ని గుర్తించినంత మాత్రాన మంచి అండం పుట్టుకురాదు.

ఇంకొన్ని సందర్భాల్లో కారణం ఒకే ఒక్క జన్యువులో దొరుకుతుంది. 2016లో చైనా పరిశోధకులు అండాలు పక్వం కాకుండా ఆగిపోయే 24 కుటుంబాలను పరీక్షించి, ఏడింటిలో టియుబిబి8 అనే జన్యువు దెబ్బతిన్నట్టు కనుక్కున్నారు. గమనించవలసిన సంగతేమిటంటే, వాటిలో కొన్ని కుటుంబాల్లో ఆ లోపం కూతురికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రికి అండాలు లేవు గనుక ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. పెళ్ళయింది, బిడ్డలు పుట్టారు, వంశం నిలబెట్టినవాడని పేరొచ్చింది. ఆయన ఇచ్చిన లోపానికి బాంఝ్ అనే బిరుదు మాత్రం కూతురు మోస్తుంది.

2017లో పాట్ఎల్2 అనే మరో జన్యువు సంగతి బయటపడింది. ఇది దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళు జరిగే కుటుంబాల్లో కనిపించింది. ఈ మాట వినగానే చాలామంది వేలు మావైపు తిరుగుతుందని మాకు తెలుసు. మేము చాచా పిల్లల్నీ ఖాలా పిల్లల్నీ చేసుకుంటాం, నిజమే. మా హిందూ ఇరుగుపొరుగు వాళ్ళు అట్లా చేసుకోరు. కానీ వాళ్ళిళ్ళలో అక్క కూతుర్ని చేసుకునే ఆచారం ఉంది, మా షరియత్ దాన్ని ఒప్పుకోదు. మేనత్త, మేనమామ పిల్లల దగ్గర ఇద్దరమూ కలుస్తాం. రాయలసీమలో ఇది అందరి సంగతి. దీన్ని ముస్లింల జబ్బు అనేవాళ్ళు ముందు తమ ఇంటి పెళ్ళిపత్రికలు తీసి చూసుకోవాలి.

ఇక మా ఇంటి మాట. అండాలు పనికిరావని తేలాక డాక్టరు చూపించే దారి దాత అండం. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్భై దాటిన ఒక స్త్రీ కవలల్ని కన్నది ఆ దారిలోనే. వార్తలన్నీ కన్నతల్లి గురించి వచ్చాయి. అండమిచ్చిన స్త్రీ ఎట్లా ఉందని అడిగినవారు అరుదు. 2021 చట్టం చికిత్స పొందే స్త్రీ వయసు 50 లోపే ఉండాలన్నది. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలని, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడు అండాలకు మించి తీయకూడదని కట్టడి చేసింది.

మాకు ఈ దారి అంత సులభం కాదు. 1980లో ఈజిప్టు అల్ అజ్‌హర్ నుంచి వచ్చిన ఫత్వా, భార్యాభర్తల అండం, వీర్యం అయితే టెస్ట్ ట్యూబ్ పద్ధతికి అభ్యంతరం లేదన్నది. మూడో మనిషిని ఒప్పుకోలేదు. సున్నీ ఉలేమాల మాట ఎక్కువగా ఇదే. ఇరాన్‌లో షియా మతపెద్ద 1999లో దాత అండానికి దారి తెరిచాడు. మా ప్రాంతంలో ఎక్కువమంది సున్నీలమే. నసబ్, అంటే ఎవరి బిడ్డ ఎవరన్నది, కలగాపులగం కాకూడదన్నది ఈ నియమం వెనకున్న ఆలోచన. తన మూలం తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందన్న అర్థంలో మేము దాన్ని గౌరవిస్తాం.

మా పేచీ నియమంతో కాదు, దాన్ని వాడుకునే తీరుతో. దాత అండం హరామ్ అని చెప్పిన నోటికే రెండో నికా హలాల్ అని వెంటనే గుర్తొస్తుంది. మగవాడి వీర్యంలో కణాలు లేకపోతే దాత వీర్యమూ అంతే హరామ్. అప్పుడు మాత్రం భార్యకు సబ్ర్ బోధిస్తారు. ఖులా అడిగే హక్కు ఆమెకుందని ఎవరూ గుర్తు చేయరు. రెండో నికా లేని ఇళ్ళలో ఇదే పని విడాకులు చేస్తాయి, లేదా పుట్టింటికి పంపడం చేస్తుంది. అందులో మతాల తేడా మాకేమీ కనిపించలేదు.

నిజానికి మా దీన్‌లో తల్లితనం అండంతో ముడిపడి లేదు. హజ్రత్ ఆయిషాకు సంతానం లేదు. ఆమెను ముస్లిం ప్రపంచమంతా ఉమ్ముల్ మోమినీన్, విశ్వాసులందరి తల్లి అంటుంది. అక్క కొడుకు అబ్దుల్లా పేరుతో ఆమెను ఉమ్మె అబ్దుల్లా అని పిలిచేవారు. ఆమె పేరు పెట్టుకున్న ఆడపిల్లలు మా ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళలో ఒకరికి బిడ్డ పుట్టకపోతే ఆ పేరు ఎట్లా వచ్చిందో ఎవరికీ జ్ఞాపకం రాదు.

మదనపల్లెకు పరీక్షలు కొత్త కాదు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వందేళ్ళ పైబడిన సంస్థ. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మా ఊరొకటి. క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని పరీక్ష చెప్పేది. ఆ ఇంటి రక్తమే చెడ్డదని జనం చదువుకునేవారు, పెళ్ళి సంబంధాలు తప్పిపోయేవి. మందొచ్చాక రోగం నయమైంది గానీ జనం చదివే తీరు చాలాకాలం నయం కాలేదు. అండం పరీక్షకూ ఆ గతి పట్టకూడదు.

అందుకే మేము రెండు వైపులా మాట్లాడుతున్నాం. లౌకిక మిత్రులకు చెప్పేదేమంటే, ఆసుపత్రి భాషలో మతం లేదు గనుక అందులో దురభిమానమూ లేదనుకోవద్దు. నాణ్యత అన్నది బజారు మాట, అది మనిషికి అంటుకుంటే వదలదు. మా వాళ్ళకు చెప్పేదేమంటే, కోడలి అండాలు పరీక్షించే ముందు కొడుకు వీర్యం పరీక్షించండి. అది ఇంకా తేలిక. రిపోర్టు మీద ఎవరి పేరుందో వారే ముందు చదవాలి. ఆ కాగితం అత్తింటి పంచాయితీలో సాక్ష్యం కాకూడదు. చికిత్స ఆపుదామన్నా, ఇంకోసారి ప్రయత్నిద్దామన్నా ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి.

పరీక్ష అండం గురించి ఎంతైనా చెప్పనీ, వింటాం. ఆడదాని గురించి చెప్పే అధికారం మాత్రం దానికి మేము ఇవ్వలేదు.