విష్ణుక్రాంతం: పేరు పలికితే చాలునా?

వినాయక చవితి ఏకవింశతి పత్రపూజలో విష్ణుక్రాంతం ఒకటి. కొండవాలుల్లో, రాతి సందుల్లో, గరప నేలల్లో వానలకు మొలిచి నేలబారుగా పాకే చిన్న మొక్క అది. డెల్టా వరిచేలల్లో దానికి చోటు లేదు. పండుగకు విజయవాడ గవర్నర్‌పేట వీధుల్లోకి వచ్చే పత్రి కట్టల్లో దాన్ని పోల్చుకోవడం కష్టం. దాని నీలిపువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. సాయంత్రం కట్ట విప్పేసరికి ఆ నీలం కనబడదు.

పేరులోనూ చిక్కుంది. అమరకోశం విష్ణుక్రాంత, గిరికర్ణి, అపరాజిత పేర్లను ఒకేచోట చెప్పింది. ఆ పేర్లను శంఖపుష్పం తీగకు అన్వయించేవారు చాలామంది. అలాంటప్పుడు పూజలో ఏ ఆకు వేయాలి?

దీనికి తర్కశాస్త్రం దారి చూపుతుంది. లక్షణమంటే ఆ వస్తువుకే చెందిన అసాధారణ ధర్మం. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహదీపికలో ఆవును ఉదాహరణగా తీసుకున్నాడు. కపిలవర్ణం అంటే అన్ని ఆవులకూ వర్తించదు, అది అవ్యాప్తి. కొమ్ములు అంటే గేదెకూ వర్తిస్తుంది, అది అతివ్యాప్తి. గంగడోలు ఒక్కటే నిలుస్తుంది.

నీలిపువ్వు అనే గుర్తుకు ఈ రెండు దోషాలూ ఉన్నాయి. శంఖపుష్పమూ నీలమే, విష్ణుక్రాంతంలో అరుదుగా తెల్లపూలూ ఉంటాయి. ఆకు ఇంతకంటే నమ్మకమైన సాక్షి. శంఖపుష్పంలో ఒక్కో కాడకు ఐదు నుంచి ఏడు చిట్టాకులుంటాయి. విష్ణుక్రాంతం ఆకు ఒంటిది, సుమారు అంగుళం లోపే. వేలితో రాస్తే పట్టులాంటి నూగు తగులుతుంది. కాయ చూస్తే సందేహం మిగలదు. శంఖపుష్పానిది చిక్కుడులా పొడవాటి చదును కాయ. విష్ణుక్రాంతానిది దారంలాంటి కాడకు వేలాడే చిన్న గుండ్రని కాయ. ఎండితే నాలుగు చీలికలవుతుంది. విచ్చిన పువ్వు దొరికితే లోపల రెండు కీలాలు, ఒక్కోటి మళ్లీ రెండుగా చీలి కనిపిస్తాయి. దగ్గరి బంధువైన కాన్వాల్వులస్‌కు కీలం ఒక్కటే. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కూడా 1753లో విష్ణుక్రాంతాన్ని ఆ ప్రజాతిలోనే పెట్టి, 1762లో ఎవాల్వులస్‌కు మార్చాడు. చుట్టుకోనిది అని ఆ పేరుకు అర్థం.

భక్తి ఉంటే ఆకు ఏదైతేనేం అనే ప్రశ్న సహజమే. భక్తితో ఇచ్చిన పత్రమైనా పుష్పమైనా స్వీకరిస్తానని భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు చెప్పాడు. అక్కడ పత్రానికి పేరు పెట్టలేదు. చవితి పూజ అలా కాదు. అందులో ఒక్కో పత్రాన్నీ పేరు పెట్టి సమర్పిస్తారు. విష్ణుక్రాంతపత్రం అని పలుకుతూ చేతికందిన మరో ఆకు వేస్తే, దైవం ముందు పలికిన మాట అసత్యమవుతుంది. తెలియక చేసింది క్షమార్హమే. తెలుసుకునే వీలుండీ వదిలేయడం మాత్రం భక్తిలో లోపమే.

పత్రం దొరకనప్పుడు అక్షతలు వేయడం ఇళ్లలో ఉన్న ఆచారమే. పోల్చుకోలేని ఆకు వేయడం కంటే అక్షతలు వేయడమే సరైనది.