రాజుల పాదరక్షలు



గత వర్షాకాలమున ఉద్దానములోని ఒక చిన్న సంఘమునకు ఆరాధన జరిపించుటకై వెళ్లితిని. వాన వెలిసి గంటయైనను కాలేదు. కొబ్బరితోటల నడుమ దారి అంతయు బురద. ఆ సంఘములో ఆడువారు, మగవారు, పిల్లలు అందరును చెప్పులు వాకిట విడిచి మందిరములోనికి వత్తురు. బోధకుడును సంఘపెద్దలును మాత్రము జోళ్లతోనే వేదిక నెక్కుదురు. అది ఎవరు పెట్టిన వాడుకయో తెలియదు. ఆ దినమున వాకిట కూర్చున్న తాతగారొకరు, ఎనుబది దాటినవారు, నా జోళ్లకంటిన బురద చూచి, నేను వలదనుటకు ముందే వంగి భుజముమీది తువ్వాలుతో వాటిని తుడిచిరి. "బురద జోళ్లతోటి ఏదికెక్కుతారేటి అయ్యగోరూ" అనిరి. వలదనుటకు ముందే అని వ్రాసితిని గాని అది పూర్తిగా నిజము కాదు. మొదటి జోడు తుడుచుచుండగా వలదనుటకు నాకు సమయము చాలినంత ఉండెను. నేను రెండవ కాలు కూడ ముందుకు చాచితిని. తాతగారి కాళ్లకు చెప్పులు లేవు.

ఆ ఉదయము చదువవలసిన భాగము మత్తయి సువార్త మూడవ అధ్యాయము. తన వెనుక వచ్చువాని చెప్పులు మోయుటకైనను తాను పాత్రుడను కానని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన పదునొకండవ వచనమునకు వచ్చుసరికి నా గొంతు పట్టుకొనెను. అప్పటినుండి ఈ చెప్పుల సంగతి నన్ను విడువలేదు. ఎదుటివాని ముందు చెప్పులు విడుచుట, ఎదుటివాని చెప్పులు ముట్టుట, ఇది భక్తియా, బానిసత్వమా? రెండును ఒకే విధముగా వంగుటయే గదా; వీటిని వేరుచేయుట ఎట్లు?

ముందు రాజుల సంగతి చూతము. ఐగుప్తు రాజైన టుటన్‌ఖామున్ సమాధి 1922లో బయటపడెను. అందులో దొరికిన చెప్పులలో ఒక జతకు, పాదము మోపుచోట, చేతులు వెనుకకు కట్టబడిన బందీల బొమ్మలు వేయబడియున్నవి. ఒకడు దక్షిణమున నూబియా దేశపువాడు, ఒకడు ఉత్తరమున ఆసియావాడు. వారితోకూడ విండ్ల బొమ్మలు; ఐగుప్తీయులు తమ శత్రువులను విండ్లతో సూచించెడివారు. రాజు లేచి అడుగు వేసినప్పుడెల్ల తన శత్రువులను తొక్కుచున్నాడన్నమాట. దీనికంటె పురాతనమైనది నార్మెర్ అను రాజు పలక, సుమారు 5,000 ఏండ్ల నాటిది. దానిమీద రాజు శత్రువును గదతో కొట్టుచుండగా, వెనుక ఒక సేవకుడు రాజు చెప్పులు చేతబట్టుకొని నిలిచియున్నాడు. సేవకుని బొమ్మ చిన్నది, రాజు బొమ్మ మిక్కిలి పెద్దది. చెప్పులు మోయువాడు అంతకాలము క్రిందటనే ఉన్నాడు చూడుడి.

ఇప్పుడు మోషేను తలంచుకొనుడి. అతడు ఫరో కుమార్తె యింట పెరిగినవాడు. రాజుల పాదరక్షల సంగతి అతనికి మనకంటె బాగుగా తెలిసియుండును. హోరేబులో మండుచున్న పొదయొద్ద దేవుడు అతనితో మొట్టమొదట చెప్పినది చెప్పులు విడువుమనియే (నిర్గమ. 3:5). బందీలను విడిపింపుమను ఆజ్ఞ ఆ తరువాత వచ్చెను. చెప్పుక్రింద జనులను వేసికొను ఇంటినుండి వచ్చినవాడు మొదట తన కాళ్లనుండి ఆ యింటి అలవాటును తీసివేయవలసియుండెనని నేను తలంచుచున్నాను. ఇది నా తలంపే గాని వాక్యములో వ్రాయబడలేదు.

రాజులు ఈ విషయములో ఎంత పట్టుదలగలవారో రంగము కథ చెప్పును. ఈ తీరపు పల్లెలనుండి మన పూర్వికులు ఎందరో ఓడలెక్కి కూలికై రంగము వెళ్లిరి. ఆ బర్మా దేశమును మిండాన్ రాజు ఏలుచున్న దినములలో, దొరలైనను బూట్లు విడిచి నేలపై కూర్చుండియే రాజదర్శనము చేయవలెను. 1875లో భారత ప్రభుత్వము, మా ప్రతినిధి ఇకమీదట బూట్లు విడువడని నిర్ణయించెను. రాజు ఒప్పుకొనలేదు. అంతటితో ఆంగ్ల ప్రతినిధికి రాజదర్శనము నిలిచిపోయెను. ముఖాముఖి మాట లేక ఇరుపక్షములకును అపనమ్మకము పెరిగెను. 1885లో ఆంగ్లేయులు మాండలే పట్టుకొని, మిండాన్ కుమారుడైన తిబా రాజును రత్నగిరికి పంపివేసిరి. యుద్ధమునకు అడవి కలప మొదలైన కారణములు వేరుగా ఉన్నవి. అయినను బూట్ల పేచీ దారిని మూసివేసినది వాస్తవము.

బర్మాలో బూట్లు విడుచుట అవమానమని కోపించిన దొరలే మన దేశమున ఏమి చేసిరి? తమ దర్బారులకు వచ్చు దేశస్థులు చెప్పులు వెలుపల విడిచి రావలెననిరి. 1868లో కొంత సడలించి, ఇంగ్లీషు బూట్లు, మేజోళ్లు తొడిగినవారు వాటితోనే రావచ్చుననిరి. దేశవాళీ జోళ్లవారికి మాత్రము ఆ మన్నన లేదు. పైన ఎవరున్నను నియమము ఒక్కటే.

ఇంత దూరము పోనక్కరలేదు. టెక్కలి చుట్టుపట్ల జమీందారీ దినములు ఎరిగిన ముసలివారు ఇంకను కొందరున్నారు. పెద్దయిల్లు కనబడగానే చెప్పులు తీసి చేతబట్టుకొని నడవవలెను. కిర్రుచెప్పుల చప్పుడు వినబడగానే అరుగుమీదివాడు దిగి నిలువవలెను. ఆ కిర్రుచెప్పులు కుట్టినవారు మన పేటలవారే. కుట్టినవాడు తాను కుట్టినదానిని తొడిగి ఆ వీధిని నడువరాదు. 1948 చట్టముతో ఎస్టేట్లు రద్దాయెను. అయినను అత్యాచారముల నిరోధక చట్టమును 2015లో సవరించినప్పుడు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు బహిరంగ స్థలములలో పాదరక్షలు తొడుగుటను అడ్డగించుట నేరమని స్పష్టముగా వ్రాయవలసివచ్చెను. ఎక్కడను జరుగని పనికి చట్టము వ్రాయరు గదా. (క్రైస్తవులైన మనవారికి ఆ చట్టపు నీడ ఎంతవరకు దొరకునను సంగతి వేరొక దుఃఖము, దానిని ఇక్కడ ఎత్తను.)

చెప్పునకును భూమికిని గల సంబంధము బైబిలు చదువరులకు క్రొత్త కాదు. బోయజు కాలమున పొలము హక్కు ఒకనినుండి ఒకనికి మారునప్పుడు చెప్పు తీసి ఇచ్చెడివారు (రూతు 4:7, 8). ఏ నేలమీద నీవు చెప్పుతో నడతువో ఆ నేల నీది. చెప్పు లేనివానికి నేలయు లేదు. ఈ మాట మన కూలిజనమునకు వ్యాఖ్యానము లేకయే తెలియును. చెప్పుల జతకొరకు బీదవానిని అమ్మివేసిరని ఆమోసు మొరపెట్టెను (ఆమోసు 2:6).

ఒక చిక్కును దాచరాదు. యెహోషువ తన అధిపతులను పిలిచి ఓడిన రాజుల మెడలమీద పాదములు మోపుమనెను (యెహో. 10:24). ఐగుప్తువారి బొమ్మకును దీనికిని ఎంత దూరము? ఈ వచనము చదివినప్పుడు నాకు కష్టముగానే యున్నది. యెరికోయొద్ద చెప్పులు విడువుమను ఆజ్ఞ ఆ యెహోషువకును కలిగెనని మాత్రము (5:15) జ్ఞాపకము చేసికొందును.

రామాయణకథ తెలియనివారు మనలో లేరు. భరతుడు అన్న పాదుకలను సింహాసనముపై ఉంచి 14 ఏండ్లు వాటి పేరట పాలించెను, తాను వాటిని తొడుగలేదు. అది ప్రేమతో చేసినదని ఎవరైనను ఒప్పుకొందురు. ఎవరును అతనిని అడుగలేదు. అతడు చేయనియెడల కొట్టువారును లేరు.

ఇక్కడ నాకు కొంత వెలుగు దొరికినది. యూదుల గురువుల బోధ ఒకటి తల్ముదులో కలదు. దాసుడు యజమానునికి చేయు ప్రతి సేవను శిష్యుడు గురువునకు చేయవలెనట, చెప్పు విప్పుట ఒక్కటి తప్ప.  యోహాను ఆ మినహాయింపును తీసివేసి, క్రీస్తు విషయములో అదియు తనకు ఎక్కువేయనెను. అట్టి క్రీస్తు ఏమి చేసెను? తువ్వాలు నడుమునకు కట్టుకొని శిష్యుల పాదములయొద్ద వంగెను (యోహాను 13:4, 5). తువ్వాలు అను మాట చదువునప్పుడు నాకు వాకిట కూర్చున్న తాతగారే కనబడుచున్నారు. ఆ దినమున ప్రభువు స్థలములో ఉన్నది ఆయన. నేను వేదికకు పోవుచుంటిని.

ఈ సంగతి తోటి బోధకునితో చెప్పగా ఆయన, "ప్రేమతో చేసిన సేవను కాదనుట గర్వము. పేతురు వలదన్నప్పుడు ప్రభువు గద్దించెను గదా" అనిరి. ఆ మాట తీసివేయదగినది కాదు. అయితే పేతురు పాదములు కడిగినవాడు ప్రభువు. పైనున్నవాడు దిగి వచ్చెను. తాతగారి ప్రేమను నేను సందేహింపను. ఆ నడుము ఎన్ని వీధులలో, ఎందరి ముందు వంగుట చిన్ననాటనే నేర్చుకొన్నదో నేనెరుగను. అందులో ప్రేమ ఎంత, అలవాటైన భయము ఎంత అని ఆయనయే విడదీసి చెప్పలేరేమో. అది తెలియనంతవరకు ఆ కాలు చాచుటకు నాకు హక్కు లేదు.

ఈ నెల సంఘపెద్దల కూటములో ఒక మాట ముందుంచితిని. మందిరములో చెప్పులు విడుచుట దేవుని భయమువలననైతే వేదిక మీదివారమును విడువవలెను. అక్కరలేదనుకొంటిమా, వాకిటివారును తొడుగుకొని రావచ్చును. ఇద్దరు పెద్దలు సరే అనిరి. ఒకరు, సిమెంటు నేల చల్లన, తనకు కీళ్లనొప్పులనిరి. మాట ఇంకను తెగలేదు.

తాతగారిని టెక్కలి సంతకు తోడ్కొనిపోయి చెప్పులు కొనిపెట్టవలెనని ఆశించితిని. పనివాడనుగా ఉందునని అడుగవచ్చిన కుమారునికి తండ్రి చెప్పులు తొడిగించుట (లూకా 15:22) నా మనస్సులో ఉండెను. మూడు దుకాణములు తిరిగితిమి. ఏ జతయు పట్టలేదు. చెప్పు ఎరుగని పాదము వెడల్పై, వ్రేళ్లు విడివిడిగా పరచుకొనిపోయినవి. "సిన్నప్పుడు తొడగనిచ్చినారు కాదు. ఇప్పుడు కాళ్లే ఒద్దంతన్నాయి" అని తాతగారు నవ్విరి. చివరకు బస్సులు ఆగుచోట చెట్టుక్రింద కూర్చున్న చెప్పులు కుట్టువాడు ఒక అట్టముక్క నేలపై పరచి, తాతగారి పాదము దానిమీద పెట్టించి, చుట్టును పెన్సిలుతో గీత గీసెను. వారము దినములలో వచ్చి తీసికొనుమనెను.