కొంచెంలో తప్పినవి

ఇద్దరు ప్రయాణికులు ఒకే కారులో విమానాశ్రయానికి బయలుదేరారు. విమానాలు వేరు, వేళ ఒకటే. ట్రాఫిక్‌లో చిక్కుకుని అరగంట ఆలస్యంగా చేరారు. మొదటాయన విమానం వేళకే వెళ్లిపోయింది. రెండో ఆయనది ఆలస్యమై, అయిదు నిమిషాల కిందటే లేచింది. ఇద్దరిలో ఎవరికి బాధ ఎక్కువ?

డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1982లో ప్రచురించిన ప్రశ్న ఇది. నూటికి 96 మంది రెండో ఆయనకే అన్నారు. నిజానికి నష్టం సమానం. విమానం అందదని ఇద్దరూ దారిలోనే అనుకుని ఉంటారు. అయినా ఆ అయిదు నిమిషాలు రెండో ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వవు.

హైదరాబాద్ శివార్లలో, శంషాబాద్ పక్కనే ఉన్న మహేశ్వరంలో ఈ బాధ పడటానికి విమానం ఎక్కాల్సిన పని లేదు, పొలం అమ్మి ఉంటే చాలు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఆ పక్కనే తుక్కుగూడ మీదుగా సాగింది. చేలల్లో వెంచర్ల హద్దురాళ్లు లేచాయి. తాత ఎప్పుడో అమ్మేసిన పదెకరాల గురించి మనవడు నవ్వుతూనే చెప్పగలడు. రేటు లేవడానికి ఆరు నెలల ముందు రెండెకరాలకు బయానా పుచ్చుకున్నవాడు మాత్రం ఆ ముచ్చట రాగానే మాట మారుస్తాడు. పోనీ అమ్మనివాడైనా హాయిగా ఉన్నాడా? ఇవాళ అమ్మితే రేపు ఇంకా పెరుగుతుందేమోనని వాడికి నిద్ర పట్టదు.

ఆటల్లోనూ ఇదే తంతు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలను పరిశీలించిన మనస్తత్వవేత్తలకు, వెండి పతకం వచ్చినవారికన్నా కాంస్యం వచ్చినవారే సంతోషంగా కనిపించారు. వెండి గెలిచినవారి చూపు అందని బంగారం మీద ఉంటుంది. కాంస్యం గెలిచినవారు ఏ పతకమూ లేకుండా ఇంటికి పోయే ముప్పు తప్పిందని సంబరపడతారు.

‘అలా చేసి ఉంటే’ అనుకోవడం పూర్తిగా దండగేమీ కాదు. విమానం తప్పినవాడు మరోసారి ముందే బయలుదేరతాడు. భూమి రేటు సంగతిలో ఆ పాఠం కూడా దొరకదు, ఎందుకంటే రేపటి ధర ఎవరికీ తెలియదు. పైగా మనం ఊహించుకునే ఆ ఇంకో బతుకులో అన్నీ సవ్యంగానే జరుగుతాయి. అక్కడ అన్నదమ్ముల కోర్టు కేసులుండవు, అప్పు తీసుకుని మొహం చాటేసే బావమరిది ఉండడు.

కాబట్టి కొంచెంలో చేజారినవి లెక్కేసుకునే రోజున, కొంచెంలో గండం గడిచినవీ అదే కాగితం మీద రాసుకోండి. ఆ పొలం డబ్బుతో జరిగిన పెళ్లి, సాగిన చదువు, వేళకు అందిన వైద్యం కూడా అందులో చేర్చండి. ఎకరం రేటు ఒక్కటే రాసుకుంటే ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా తప్పే వస్తుంది.