“మీరు పోయిరాండి”

వేసవి సెలవులలో నంద్యాల, ఆళ్లగడ్డ యువకులు స్నేహితులతో కూడి నల్లమలకు బయలుదేరడం చదువరులకు తెలిసినదే. ఆళ్లగడ్డ మీదుగా ఎగువ అహోబిలం చేరి, అక్కడి నుండి భవనాశి వెంబడి రాళ్ల మీద జ్వాలా నరసింహాలయం వైపు నడుస్తారు. సత్తువ గలవారు ఇంకా పైకి, ఉగ్రస్తంభం దాకా ఎక్కుతారు. ఏప్రిల్, మే నెలల్లో వాగు చిక్కిపోతుంది, చెట్లు ఆకులు రాలుస్తాయి. అడవి అన్న పేరే గాని నీడ తక్కువ.

ఆ దారిలో ఎవరో ఒకరు వెనుకబడతారు. చివరకు ఒక బండ మీద చతికిలబడి, “మీరు పోయిరాండి, నేను ఈడనే కూసుంటా” అంటాడు. మిగిలినవారు ఆ మాటను ఏమని తీసుకోవాలి?

అతడు పసివాడు కాడు, తన శక్తి తనకు తెలుసు, అతని మాటను గౌరవించడమే మర్యాద అని కొందరంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అతని కోసమని అందరూ వెనుదిరిగితే ఆ సిగ్గు అతణ్ణి ఇంటిదాకా వెంటాడుతుంది. అటువంటి దయ ఎవరికి కావాలి?

అయితే ఆ మాటకు ముందు ఏమి జరిగిందో చూడాలి. ముందున్నవారు నీడ దొరికిన చోట ఆగి, నీళ్లు త్రాగి, పరిహాసాలాడుకొంటారు. వెనుకవాడు రొప్పుతూ వచ్చి చేరగానే “ఇక పదండి” అని లేస్తారు. విశ్రాంతి ఎవరికి అవసరమో వానికే అది దక్కలేదు! ఇలా నాలుగుసార్లు జరిగాక అతడు “మీరు పోయిరాండి” అంటే, ఆ మాట సగం మనమే అనిపించినట్లు కాదా? దానిని అతని స్వేచ్ఛ అనడం నాకు ఒప్పుగా తోచదు. కలిసి వస్తామని ఇంటి దగ్గర ఒప్పుకొన్నాం కనుక, ఆగడం దయ కాదు, బాకీ.

ఆదికాండము 33వ అధ్యాయంలో ఏసావు కలిసి ప్రయాణిద్దామంటే, పిల్లలూ పాలిచ్చే పశువులూ తట్టుకోలేవు, వాటి నడకనుబట్టి మెల్లగా వస్తానని యాకోబు చెబుతాడు. చక్కని మాటే. కాని అన్న ఊరికి వస్తానన్నవాడు సుక్కోతుకు వెళ్లాడు! మెల్లని నడక ఒక్కోసారి సాకు కూడా కావచ్చు. బలహీనుని పేరు చెప్పి అందరినీ ఆపేవారూ ఉంటారు. ఉగ్రస్తంభం చూడాలని ఏళ్ల తరబడి కోరుకొన్నవానికి అది దక్కకపోవడం చిన్న నష్టమేమీ కాదు.

కనుక మొదటి నుండీ నెమ్మదిగా నడిచేవానిని ముందు నడవనివ్వాలి. ఆగినప్పుడు అతని అలసట తీరేదాకా ఎవరూ లేవరాదు. అప్పటికీ అతడు అదే మాట అంటే, అది అతని మాటే, మిగిలినవారు వెళ్లవచ్చు. కాని ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే అడవిలో ఒంటరిగా వదలరాదు, ఒకరు తోడుండాలి. ఆ ఒకరు ఎవరు? ప్రతిసారీ నోరులేని మంచివాడే మిగిలిపోతాడు. చీటీలు వేసుకొని, నీళ్ల సీసాలలో ఎక్కువ భాగం క్రింద ఉండేవారికి ఇచ్చి వెళ్లడం మేలు.