కొండ బస్సులో ఒక చోటు

గడచిన కార్తీకమాసమున ఒక శనివారము సెలవు దొరికినందున మా సంఘములోని యౌవనస్థులను కొందరిని వెంటబెట్టుకొని కోటప్పకొండకు పోయితిమి. "తిరునాళ్ళ కొండతో మనకేమి పని?" అని ఊరిలో ఒకరిద్దరు పెద్దలు అడుగకపోలేదు. కొండ చూచి వచ్చెదమని చెప్పితిమి. అది నిజమే. నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, చదునైన పొలముల నడుమ నిలిచిన ఆ కొండను మనము పుట్టినది మొదలు చూచుచునే యున్నాము. మిరపకాయలు కోయుచు తల యెత్తినను, పత్తి తీయుచు నడుము నిలువబెట్టినను కనబడునది అదియే. అక్కడనుండి చూచినయెడల మన పొలము ఎట్లుండునో యని పిల్లలు కోరుట తప్పుగా మాకు తోచలేదు.

పూర్వము పైకి పోవుటకు మెట్లదారియే గతి. 1999వ సంవత్సరములో ఘాట్ రోడ్డు వచ్చినది. అప్పటినుండి కీళ్ళనొప్పులవారును, చంటిబిడ్డల తల్లులును సుళువుగా పైకి చేరుచున్నారు. మేమును బస్సునకే నిలిచితిమి. కార్తీకమాసమని ముందుగా తలంచలేదు గనుక ఆ జనమును చూచి కొంచెము జంకితిమి. బస్సు వచ్చినది. కిటికీలోనుండి తువ్వాలు వేసినవానిదే సీటు అనుట మన బస్సులలో అందరు ఒప్పుకొనిన న్యాయము గదా. మా పిల్లలు చురుకైనవారు. నాలుగు తువ్వాళ్ళు లోపల పడినవి. అందరము కూర్చుంటిమి. మా ప్రక్కనున్న చోటున మా పులిహోర సంచి కూడ కూర్చుండెను.

ఒక ముసలమ్మ కడపట ఎక్కి మా సీటు దగ్గర కమ్మి పట్టుకొని నిలిచెను. ఆమె చేతిలో పసుపు కుంకుమల పొట్లమున్నది. మెట్టు మెట్టుకు బొట్టు పెట్టుచు కొండ యెక్కెదనని ఎన్నడో మ్రొక్కుకొన్నదట. ఇప్పుడు మోకాళ్ళు సాగలేదు. పది మెట్లు ఎక్కి, బొట్లు పెట్టి, దిగివచ్చి బస్సెక్కినది. "మిగతావి లెక్కలోకి వస్తాయంటావా నాయనా?" అని మాలో ఒక పిల్లవానిని అడిగెను. మేము ఎవరమో ఆమెకు తెలియదు. తెలిసినను అడిగియుండునేమో.

ఆ పిల్లవాడు మా సండేస్కూలులో బోధించువాడు. ఏమియు తడుముకొనలేదు. "మామ్మా, దేవుడు మెట్లు లెక్కపెట్టడు. మన కష్టం చూసి కాదు, ఆయన దయవల్లే ఏదైనా దొరికేది. నడిచినా ఒకటే, బస్సెక్కినా ఒకటే" అనెను. మాకు లోలోపల సంతోషమైనది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక వీనికి బాగుగా వంటబట్టినదనుకొంటిమి. అంతలో బస్సు మలుపు తిరిగెను. ఆమె తూలి, వాని భుజము పట్టుకొని నిలదొక్కుకొనెను.

"అంతే కదా నాయనా. అయితే కాస్త జరుగు, నేనూ కూర్చుంటా."

అందులో ఎగతాళి లేదు. ఆమె నిజముగానే అడిగినది. వాడు దిగ్గున లేచెను. మేము పులిహోర సంచి తీసి ఒడిలో పెట్టుకొంటిమి. పైకి చేరువరకు మాలో ఒక్కరును మాటాడలేదు.

కష్టపడి చేరిన చోటికి విలువ ఎక్కువయనియు, సుళువుగా చేరిన దానికి విలువ లేదనియు పెద్దలు కొందరందురు. అందులో కొంత నిజమున్నది. యెరూషలేము కొండలమీది పట్టణము. అక్కడికి ఎక్కిపోవు జనులకు 120 మొదలు 134 వరకు పదునైదు యాత్రకీర్తనలు ఉన్నవి. అయితే మార్కు సువార్త రెండవ అధ్యాయమున నలుగురు మోసికొని వచ్చిన పక్షవాయువు గలవానిని తలంచుడి. నీవు నడచి రాలేదేమి యని ప్రభువు వానిని అడుగలేదు. మోయబడి వచ్చుట వానికి తక్కువతనము కాలేదు. మన పొరుగువారు ఈ కొండనుగూర్చి చెప్పుకొను కథలోను ఇట్టి మాటయే యున్నది. దినదినము కొండ యెక్కి జంగమదేవరను సేవించిన ఆనందవల్లి యను గొల్లభామ గర్భవతియై, ఇక నేను ఎక్కలేనని చెప్పగా, ఆయనయే ఆమె వెంట దిగివచ్చుటకు ఒప్పుకొనెనట. మన విశ్వాసము వేరు. అయినను ఎక్కలేనివారి బాధ ఈ కొండ దగ్గర ఎంత పాతదో ఆ కథవలన తెలియుచున్నది.

కాబట్టి ఆ పిల్లవాడు చెప్పిన మాట తప్పు కాదు. మమ్మును బాధించినది వేరొకటి. ఆ నలుగురు మంచమును ఇంటికప్పు విప్పి దింపవలసివచ్చిన కారణమేమి? వాకిట చోటు లేకపోయెను. ఆ వాకిట నిలిచినవారు దొంగలు కారు, పరిహాసకులు కారు. వాక్యము వినుటకు వచ్చినవారే. వినుచు నిలిచిరి. వెనుక మంచము వచ్చినది గాని వారు జరుగలేదు. మేము ఇన్ని సంవత్సరములుగా ఈ భాగమును చదివి నలుగురి విశ్వాసమును మెచ్చుకొంటిమే గాని, ఆ గుంపులో మేము ఉందుమేమో యని ఒక్కనాడును తలంచలేదు.

అమెరికాలో యూటా రాష్ట్రమున సీయోను అను పేరుగల కొండలోయ ఒకటి యున్నది. 1919లో దానిని జాతీయవనముగా చేసిరి. ఎఱ్ఱని కొండగోడల నడుమ ఇరుకైన దారి. అందరును ఎవరి కారులో వారు వచ్చుటవలన ఆ దారి క్రిక్కిరిసి, చూడవచ్చినవారు బండ్లనే చూడవలసిన గతి పట్టినది. 2000వ సంవత్సరమునుండి, జనము ఎక్కువగా వచ్చు నెలలలో, సొంత కార్లను దిగువనే నిలిపి అందరును ఒకే విధమైన బస్సులలో లోయలోనికి పోవు ఏర్పాటు చేసిరి. ఇక్కడను శివరాత్రినాడు అట్టిదే జరుగును. ఆకాశమంటు ప్రభలు దిగువనే నిలుచును. ఆర్.టి.సి. బస్సులు జనమును పైకి చేరవేయును. ధనికుడును కూలివాడును ఒకే కమ్మి పట్టుకొని నిలుతురు. ఈ ఏర్పాటు ఎంతో మంచిదే. అయితే కారును దిగువ విడిచినవాడు తన తువ్వాలును కూడ విడిచినాడా? బస్సు అందరిదైనంతమాత్రమున సీటు అందరిది కాదు. ఈ సంగతి మా గుడిలోని బల్లలనుగూర్చియు చెప్పవచ్చును. ముందు బల్లమీద ఎవరు కూర్చుందురో, వెనుక గోడనానుకొని ఎవరు నిలుతురో మీ సంఘములో మీరే చూచుకొనుడి.

పైన గాలి చల్లగా నుండెను. మా పొలము దొరుకలేదు. అన్నియు ఒకే తీరుగా కనబడినవి. పులిహోర తిని, తిరుగు ప్రయాణమున బస్సు మాని మెట్లదారిని దిగితిమి. దిగుట సుళువనుకొంటిమి గాని సగము దూరమునకే పిక్కలు పట్టుకొనెను.

అడుగున, చివరి మెట్లమీద పసుపు కుంకుమ బొట్లు కనబడినవి. అవి ఆమె పెట్టినవో, మరియొకరు పెట్టినవో చెప్పలేము. ముందు నడచుచున్న ఆ సండేస్కూలు పిల్లవాడు ఒక్క నిమిషము ఆగి, వాటిని త్రొక్కక, ప్రక్క అంచుమీద కాలు పెట్టుచు దిగెను. వెనుక వచ్చువారమును అట్లే దిగితిమి.