మౌనం ఎవరి అంగీకారం?

మా పక్కవాళ్ళు పాత పెంకుటిల్లు తీసేసి మూడంతస్తుల ఇల్లు మొదలుపెట్టారు. మధ్యలో ఉన్న ప్రహరీ గోడ పునాది తవ్వకానికి అడ్డమొస్తోంది, పని అయ్యాక మేమే కట్టిస్తాం అంటే సరేనన్నాను. నోటిమాటే. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి మా జామచెట్టు మొదటికి ఆనుకుని గుంతలు తవ్వి, కాంక్రీటు పోసి, పిల్లర్లకు చువ్వలు నిలబెట్టి ఉన్నాయి. బీరువాలోంచి దస్తావేజు తీసి, మర్నాడు సర్వేయరును పిలిచి కొలిపించాను. 30 అడుగులుండాల్సిన వెడల్పు 28 అడుగుల 10 అంగుళాలే వచ్చింది. పోయింది 14 అంగుళాలు. 50 అడుగుల పొడవుకి లెక్కేస్తే సుమారు ఆరున్నర గజాలు.

అడగడానికి వెళ్తే ఇంటాయన మర్యాదగానే మాట్లాడాడు. "మీకెందుకమ్మా ఈ గొడవలు, మగవాళ్ళెవరైనా ఉంటే పంపించండి, కూర్చుని మాట్లాడుకుంటాం" అన్నాడు. తమ్ముడు ఫోన్లో "నేనొచ్చేదాకా ఏం మాట్లాడకక్కా" అన్నాడు. బంధువులు "పోనిద్దూ, జానెడు నేల కోసం ఇరుగుపొరుగుతో పగెందుకు" అన్నారు. ఇవన్నీ ఊహించినవే. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఒక స్నేహితురాలు నవ్వుతూ అన్న మాట: "ఆస్తి వ్యవస్థ మీద వ్యాసాలు రాసేదానివి, నువ్వూ గజాలు లెక్కపెడుతున్నావా?"

ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. 1755లో రూసో అసమానతల పుట్టుక గురించి రాస్తూ, నేల చుట్టూ మొదటి కంచె వేసి ఇది నాదన్నవాడితోనే అనర్థం మొదలైందని వాదించాడు. ఏళ్ళ తరబడి క్లాసులో పిల్లలకు ఆ వాదన చెప్పినదాన్ని. ఇప్పుడు నా కంచె కోసం నేను వాదించడం ఆత్మవంచన కాదా?

దస్తావేజులు మళ్ళీ తీశాను. ఈ స్థలం మా అమ్మ కొన్నది. టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన ప్రావిడెంటు ఫండు డబ్బుతో, తన పేరుమీద. కానీ పక్కింటి దస్తావేజులో తూర్పు హద్దు దగ్గర ఉన్నది మా నాన్న పేరు, "గారి ఇల్లు" అని. ఎవరూ కుట్రచేసి రాయలేదు. రాసేవాడి చేతికి అలవాటైన మాట అది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1986లో, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. దేశమంతటా రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆస్తిని త్యాగం చేయమని చెప్పే తత్వం గొప్పదే. కాకపోతే అది ముందుగా, మరీ మృదువుగా, ఇంకా ఆస్తి చేతికందని వాళ్ళకే వినబడుతుంది. రూసో కంచె వేసినవాడిని తప్పుపట్టాడు. కంచె వేయడం నాకెన్నడూ రానేలేదు. నా ఎదుట ఉన్నది ఒక మనిషి తన కంచెని 14 అంగుళాలు ముందుకి జరుపుకోవడం. నేను ఊరుకుంటే ఆస్తి వ్యవస్థ కొంచెం కూడా తగ్గదు, ఆయన ఆస్తి కొంచెం పెరుగుతుంది.

మన భాషలో "పోనీ" అనే మాట ఉంది. ఆడవాళ్ళ నోట ఎక్కువగా వినబడే మాట. ఇచ్చాను అంటే ఇచ్చిన మనిషి ఒకరుంటారు. పోయింది అంటే ఎవరూ ఉండరు. పోనీ ఈ రెంటికీ మధ్య నిలబడి, పోయినదాన్ని ఇచ్చినట్టుగా చూపిస్తుంది. అమ్మ జీవితమంతా అలాంటి పోనీలే. వాటిని ఔదార్యం అని పొగిడాం. కానీ కాదనే వీలు లేనప్పుడు ఔనన్నదాన్ని ఔదార్యం అనొచ్చా? ఇవ్వగలగాలంటే ముందు ఇవ్వనని అనగలగాలి.

ఈ తేడా చట్టానికి కూడా తెలుసని, నాకు తెలియలేదు. వకీలు దగ్గర కూర్చున్నాక అర్థమైంది. మన నేలమీద మరొకరు బాహాటంగా, మన హక్కుకి వ్యతిరేకంగా 12 ఏళ్ళు ఉంటే, 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం దాన్ని తిరిగి అడిగే హక్కు పోతుంది. కట్టడం లేస్తుంటే చూస్తూ ఊరుకున్నవాళ్ళు తర్వాత కూల్చమని అడిగితే, కోర్టు నష్టపరిహారంతో సరిపెట్టే అవకాశమూ ఉంది. ఈ ప్రతికూల స్వాధీనం సూత్రాన్ని మళ్ళీ ఆలోచించమని 2008లో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. మార్పు అక్కర్లేదని 2023లో లా కమిషన్ తేల్చింది. అయితే నేల సొంతదారు అనుమతితో ఉన్నవాళ్ళకి, ఎన్నేళ్ళున్నా, ఆ అనుమతి కారణంగా హక్కు రాదు.

అంటే నోరు తెరిచి "ఉండండి" అంటే నేల నాదే. మర్యాదకి మౌనంగా ఉంటే నాది కాకుండా పోతుంది. మౌనం అర్ధాంగీకారం అని ఆడపిల్లకి పెళ్ళిచూపుల నుంచీ నేర్పిన లోకం, ఆ అర్ధాన్ని పూర్తి చేసుకోవడానికి 12 ఏళ్ళు గడువు పెట్టుకుంది. నిశ్శబ్దంగా ఉండటమే మంచితనమని పెరిగిన మనిషికి ఇంతకన్నా ఖరీదైన మంచితనం ఏముంటుంది?

మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. తొమ్మిది రోజులు పని ఆగింది. మూడోరోజున ఇసుక మోసే ఆమె గేటు దగ్గరికొచ్చి, "పని ఎప్పుడు మొదలవుద్దమ్మా?" అని అడిగింది. నాకు జవాబు లేకపోయింది. నా ఆరున్నర గజాల కోసం ఆమె కూలి ఆగింది. ఆమెకి ఏ హద్దులోనూ పేరు లేదు. నా ప్రశ్న న్యాయమైనదే, దాని ఖరీదు కట్టింది మాత్రం నేను కాదు. ఆరోజు నా స్నేహితురాలి ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వుగా అనిపించలేదు.

ఆరోరోజు రాత్రి పక్కింటావిడ వచ్చింది. "అక్కయ్యగారూ, లోను నా పేరుమీదే ఉందండీ. పిల్లర్లు తీసేయాలంటే రెండు లక్షలు పోతాయంటున్నారు" అంది. ఇల్లు ఆమెదని నాకు అప్పుడే తెలిసింది. ప్లాను చూశారా అంటే, చూపించినచోట సంతకం పెట్టానంది. ఇన్నాళ్ళూ నేను ఆమె భర్తతో మాట్లాడుతున్నాను, ఆయన మా తమ్ముడి కోసం చూస్తున్నాడు. హద్దుకి రెండువైపులా సొంతదారులం మేమిద్దరమే, ఒకరితో ఒకరం మాట్లాడుకోనిది కూడా మేమే.

మర్నాడు ఇద్దరం కలిసి ఇంజనీరుని కూర్చోబెట్టాం. పునాదులను కలుపుతూ లోపలివైపుకి ఒక బీము వేస్తే పిల్లర్లు వెనక్కి జరపొచ్చని మళ్ళీ లెక్కకట్టి చెప్పాడు. బీము ఖర్చు వాళ్ళది. గోడ పాత హద్దుమీదే లేస్తుంది. నేలకింద పోసిన కాంక్రీటు మాత్రం మా వైపు ఉండొచ్చని, అది నా అనుమతితో ఉన్నదని స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. చదివి, అర్థం కాని రెండు మాటలు అడిగి తెలుసుకుని, ఆమె సంతకం పెట్టింది. నేనూ పెట్టాను.

నేను గెలిచానా అంటే చెప్పలేను. నా నేలకింద వాళ్ళ కాంక్రీటు ఉంది, ఉంటుంది. జామచెట్టు ఒకవైపు వేళ్ళు తెగి వాడిపోయింది. తొమ్మిది రోజుల కూలి ఎవరూ ఇవ్వలేదు. అది నేను అడగాల్సిందని కాగితం రాసుకున్న తర్వాత గానీ నాకు తట్టలేదు. కానీ ఆ కాంక్రీటు గురించి ఎవరైనా అడిగితే "పోనీలే" అనను. "ఇచ్చాను" అంటాను.